బెజవాడ ఎండలో ఒక రోటరీ కారు

రోటరీ ఇంజిను ఉన్న పాత స్పోర్ట్స్ కారును ఉంచుకున్నవాడికి మరమ్మతు, మార్పు అనేవి వేర్వేరు పనులుగా ఉండవు. మామూలు కారులో పాడైన భాగాన్ని తీసి కంపెనీ ఇచ్చినలాంటిదే మళ్లీ బిగిస్తే అది మరమ్మతు. ఉన్న శక్తి చాలక మరొక భాగం తెచ్చి పెడితే అది మార్పు. నా దగ్గర ఉన్న మజ్దా ఆర్‌ఎక్స్-8 విషయంలో ఈ గీత నిలవదు. నిప్పురవ్వ పుట్టించడానికి కంపెనీ పెట్టిన కాయిల్ ఎందుకు త్వరగా చెడిపోతుందో తెలిశాక మళ్లీ అదే కాయిల్ కొనడం మరమ్మతు అనిపించుకోదు. అలాగే డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లును నమ్ముకుని మే నెలలో ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో నిలబడడం జాగ్రత్త అనిపించుకోదు. ఇంజిను బతకడానికి చేసే మార్పులు ముందు, పరుగు కోసం చేసే మార్పులు ఆ తరువాత అన్నది ఈ కారుతో నేను పాటిస్తున్న క్రమం. ఈ క్రమం తిరగబడిన చోటే ఈ ఇంజిన్లకు చెడ్డ పేరు వచ్చిందని నా అభిప్రాయం.

కారు 2004 నాటిది, ఆరు గేర్లది. మజ్దా తన కార్లను మన దేశంలో అధికారికంగా ఎన్నడూ అమ్మలేదు కనుక ఇక్కడ కనిపించే ఏ ఆర్‌ఎక్స్-8 అయినా ఎవరో ఒకరు సుంకం కట్టి విదేశం నుంచి తెప్పించుకున్నదే. నాది కూడా అలాగే వచ్చి, హైదరాబాదులో కొంతకాలం తిరిగి, ఆ తరువాత నా చేతికి చేరింది. మా జవహర్ ఆటోనగర్‌లో మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యానో, స్కూలు బస్సో. అందువల్ల ఫోనులో బండి పేరు చెప్పినప్పుడు డీజిలు ఇంజిను అనుకున్నవారే ఎక్కువ. బానెట్ ఎత్తి చూపించాక మా మేస్త్రి గారు టార్చిలైటు వేసి చాలాసేపు చూసి, "ఇదేం ఇంజిను బాబూ, పిస్టన్లు లేవు, వాల్వులు లేవు, టైమింగ్ చైను లేదు అంటున్నావు. మరి ఇందులో అరిగేదేంటి?" అని అడిగారు. లారీ ఇంజిన్లు దించి ఎక్కించడంలో తల నెరిసిన మనిషి అడగవలసిన ప్రశ్న అదే. రోటరీ ఇంజిను సంరక్షణ అంతా ఆ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

అరిగేవి సీళ్లు. నడుము దగ్గర కొద్దిగా నొక్కినట్టుండే గుండ్రని హౌసింగ్ లోపల, పక్కలు ఉబ్బిన త్రిభుజం ఆకారంలో ఉన్న రోటర్ తిరుగుతుంది. దాని మూడు మూలలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి కనుక రోటర్‌కూ గోడకూ మధ్య మూడు గదులు ఏర్పడతాయి. రోటర్ తిరిగేకొద్దీ ఒక్కొక్క గది పెరుగుతూ తరుగుతూ, గాలినీ పెట్రోలునూ పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను బయటికి తోయడం అనే నాలుగు పనులనూ వరుసగా చేస్తుంది. రోటర్ ఒకసారి తిరిగేలోగా మధ్యనున్న ఇరుసు, అంటే ఎక్సెంట్రిక్ షాఫ్ట్, మూడుసార్లు తిరుగుతుంది కనుక మీటరు 9,000 చూపిస్తున్నప్పుడు రోటర్ నిజానికి నిమిషానికి 3,000 సార్లే తిరుగుతోందన్న మాట. ఈ మూడు గదుల మధ్య ఒత్తిడి ఒకదాని నుంచి మరొకదానిలోకి జారిపోకుండా ఆపేవి మూలల్లో నిలువుగా కూర్చునే ఎపెక్స్ సీళ్లు. ఒక్కొక్కటి 2 మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నని పలక, దాని వెనుక ఒక స్ప్రింగు. ఒక రోటర్‌కు ఇలాంటివి మూడు, వాటి చివరలను మూసే కార్నర్ సీళ్లు ఆరు, పక్కలను మూసే సైడ్ సీళ్లు ఆరు ఉంటాయి. పిస్టన్ రింగు ఒకే గోడ మీద పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి దాని వెనుక ఎప్పుడూ ఆయిల్ ఉంటుంది. ఎపెక్స్ సీలు మాత్రం చల్లటి గాలి వచ్చే చోటునూ, మంట పుట్టే చోటునూ, పొగ పోయే చోటునూ ఒకే చుట్టులో దాటుకుంటూ, తనకు కావలసిన ఆయిల్ పైనుంచి ఎవరైనా పోస్తే తప్ప దొరకని స్థితిలో తిరుగుతూ ఉంటుంది.

ఈ కారు ఎన్ని సీసీలది అని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఎవరికీ తృప్తినివ్వదు. షాఫ్ట్ ఎక్సెంట్రిసిటీ 15 మిల్లీమీటర్లు, హౌసింగ్ గీతను నిర్ణయించే వ్యాసార్ధం 105 మిల్లీమీటర్లు, వెడల్పు 80 మిల్లీమీటర్లు. ఈ మూడింటినీ గుణించి, మూడు వర్గమూలానికి మూడు రెట్లతో హెచ్చిస్తే ఒక గది కొలత 654 సీసీ వస్తుంది. రెండు రోటర్లకు కలిపి 1,308 సీసీ అని ఆర్‌సీలో ఉంటుంది. జపాన్ ప్రభుత్వం పన్ను వేసేటప్పుడు ఈ అంకెను ఒకటిన్నరతో హెచ్చిస్తుంది. 1,308 సీసీల నుంచి 250 హార్స్‌పవర్, అదీ టర్బో లేకుండా వస్తుందంటే ఎవరూ నమ్మరు. పెట్రోలు ఖర్చు చూశాక మాత్రం నమ్ముతారు.

ఈ అరుగుదల కొత్త సమస్య కాదు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనను ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1957లో తొలిసారి ఇంజినుగా తిప్పి చూపించింది. 1967లో వచ్చిన ఎన్‌ఎస్‌యూ ఆర్ఓ 80 కారు ఆ మరుసటి ఏడాది యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ అనిపించుకున్నా, సీళ్లు అరిగి ఇంజిన్లు వరసగా వారంటీకి రావడంతో కంపెనీ నడుమే విరిగింది. అదే కాలంలో హిరోషిమాలో కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఇంజినీర్లు హౌసింగ్ గోడ మీద పడుతున్న అలల్లాంటి గీతలతో కుస్తీ పట్టారు. ఆ గీతలకు వాళ్లు పెట్టుకున్న పేరు దయ్యపు గోళ్ల గుర్తులు. సీలు గోడ మీద నునుపుగా జారకుండా కంపిస్తూ గెంతడం వల్ల అవి పడుతున్నాయని గుర్తించి, అల్యూమినియం కలిపిన కార్బన్ సీలుతో ఆ సమస్యను లొంగదీసుకుని, 1967లో కాస్మో స్పోర్ట్ కారును మార్కెట్లోకి తెచ్చారు. ఆర్‌ఎక్స్-7 మూడు తరాల పాటు, 1978 నుంచి 2002 వరకు, ఆ పునాది మీదే నడిచింది. 2003లో ఆర్‌ఎక్స్-8తో వచ్చిన రెనెసిస్ ఇంజినులో పొగ పోయే దారులను హౌసింగ్ అంచు నుంచి పక్క పలకలకు మార్చారు. దానివల్ల పొగ శుభ్రపడింది, పెట్రోలు కొంత ఆదా అయింది, ఆ ఏడాది అంతర్జాతీయ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం దక్కింది. అయితే మసి ఇప్పుడు సైడ్ సీళ్ల దగ్గర పేరుకోవడం మొదలుపెట్టింది. అందుకే ఈ ఇంజినును రోజూ మెల్లగా మాత్రమే నడపడం దానికి చేసే ఉపకారం కాదు. బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, ఆర్‌పీఎం మీటరులోని ఎర్రగీత దాకా ఒకసారి తీసుకువెళ్లడం అవసరం. తెల్లవారుజామున వారధి దాటి కాజ టోల్‌గేటు వైపు వెళ్లే రోడ్డు నాకు ఆ పనికి వస్తుంది. అక్కడ కూడా వేగ పరిమితిలోనే, తక్కువ గేరులో ఆ పని చేయవచ్చు. ఇంజిను తిరగడం కావాలి గానీ కారు ఎగరనక్కరలేదు.

ఇక ఆయిల్ సంగతి. సీళ్లకు ఆయిల్ అందించడానికి ఈ ఇంజినులో ఒక మీటరింగ్ పంపు ఉంటుంది. అది ఇంజిన్ అడుగున ఆయిల్ నిలువ ఉండే చాంబరు నుంచే కొద్దికొద్దిగా ఆయిల్ తీసుకుని, సన్నని గొట్టాల ద్వారా గదుల్లోకి వదులుతుంది. అంటే ఈ కారు ఆయిల్ తాగడం లోపం కాదు, దాని నిర్మాణంలో భాగం. తాగకపోతేనే భయపడాలి. మా తరం వాళ్లకు ఇది అర్థం కావడానికి యమహా ఆర్‌ఎక్స్ 100 చాలు. దాని పక్కన ఉండే 2టీ ఆయిల్ ట్యాంకు, అక్కడి నుంచి ఆక్సిలరేటరును బట్టి ఆయిల్ పంపే ఆటోల్యూబ్ పంపు ఏం చేసేవో ఈ పంపూ దాదాపు అదే చేస్తుంది. తేడా ఏమిటంటే ఆర్‌ఎక్స్ 100కు ప్రత్యేకమైన 2టీ ఆయిల్ ఉంటుంది. ఇక్కడ మాత్రం బేరింగుల కోసం తయారైన, మండితే బూడిద మిగిల్చే ఇంజిన్ ఆయిలే మంటలోకి వెళుతుంది. పైగా నా కారు వంటి తొలి మోడళ్లలో ఒక్కొక్క రోటర్‌కు రెండే నాజిళ్లు ఉంటాయి, హౌసింగ్ మధ్యభాగానికి అందే ఆయిల్ తక్కువ. తరువాత వచ్చిన సవరించిన మోడల్లో కంపెనీయే మధ్యలో మూడో నాజిల్ పెట్టింది. కంపెనీ స్వయంగా ఒప్పుకున్న లోటును పాత కారులో మనం పూరించుకోవాలంటే ఉన్న సులువైన మార్గం, పెట్రోలులోనే కొద్దిగా 2టీ ఆయిల్ కలపడం.

200 లీటర్లకు ఒక లీటరు నిష్పత్తిలో కలుపుతాను. 60 లీటర్ల ట్యాంకుకు 300 మిల్లీలీటర్లు అవుతుంది. పంపును తీసేసి పూర్తిగా కలిపిన ఆయిల్ మీదే నడిపేవారు దీనికి రెట్టింపు పోస్తారు గానీ, రోడ్డు మీద తిరిగే కారుకు పంపు తీసేయడం అనవసరమైన సాహసమని నా నమ్మకం. ఒకరోజు కలపడం మరిచిపోతే ఇంజినుకు దిక్కుండదు. ఆయిల్ ఎంచుకునేటప్పుడు తక్కువ పొగ, తక్కువ బూడిద రకం, జాసో ఎఫ్‌డీ ప్రమాణం ఉన్నది చూసుకుంటాను. పెట్రోలు బంకులో డబ్బా తీసి కొలిచి పోస్తుంటే అక్కడి కుర్రాళ్లు కారు ట్యాంకులో ఆయిల్ పోయడమేంటని ఇప్పటికీ కంగారుపడతారు. ఇంజిన్ ఆయిల్ విషయంలో అమెరికాలో మజ్దా 5డబ్ల్యూ-20 సూచించింది, యూరప్‌లో 5డబ్ల్యూ-30. మన వేసవికి మొదటిది మరీ పలచన. డిప్‌స్టిక్ రెండోసారి పెట్రోలు పోయించేలోగా ఒకసారైనా తీసి చూడాలి, ఇది ఆలస్యం చేయకూడని అలవాటు.

వేడి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో ఈ కారుకు అసలు శత్రువు అదే. రోటరీ ఇంజినులో పీల్చడం, నొక్కడం ఎప్పుడూ ఒకవైపే జరుగుతాయి. మండడం ఎప్పుడూ రెండోవైపే. కాబట్టి హౌసింగ్‌లో ఒక పక్క చల్లగా, మరొక పక్క నిప్పులా ఉంటుంది. అల్యూమినియం రోటర్ హౌసింగులు రెండింటినీ మూడు పోత ఇనుము పలకల మధ్య పేర్చి, ఈ చివర నుంచి ఆ చివరకు పొడవాటి బోల్టులతో బిగిస్తారు. అల్యూమినియం, ఇనుము ఒకే తీరుగా వ్యాకోచించవు. ఒక్కసారి హద్దు దాటి వేడెక్కితే ఆ రెండింటి మధ్య కూలెంటును ఆపే రబ్బరు సీళ్లు నలిగి, నీళ్లు గదిలోకి చేరతాయి. పిస్టన్ ఇంజిను అయితే హెడ్డు విప్పి గ్యాస్కెట్ మార్చి సాయంత్రానికి పంపించేస్తారు. ఇక్కడ హెడ్డూ లేదు, గ్యాస్కెటూ లేదు. మొత్తం ఇంజిను దించి పలకలు విడదీయవలసిందే.

దీనికి తోడు డాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు మనల్ని నిశ్చింతగా ఉంచడానికే తయారైనట్టు ఉంటుంది. ఇంజిను మామూలు వేడికి చేరాక ముల్లు మధ్యలోకి వచ్చి ఆగిపోతుంది. ఆ తరువాత చాలా డిగ్రీలు పెరిగినా కదలదు. కదిలేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. కనుక ఈ కారు కొన్నవారెవరైనా మొదట చేయవలసిన మార్పు, కారు కంప్యూటరులోని అంకెలు చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకు ఒక చిన్న రీడర్ తగిలించి కూలెంటు అసలు అంకెను ఫోనులోనో చిన్న తెర మీదో చూసుకోవడం. ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా పనికొచ్చే మార్పు మరొకటి లేదు. 105 డిగ్రీలు కనిపిస్తే ఏసీ కట్టేసి వేగం తగ్గించడం, 110 కనిపిస్తే పక్కకు తీసి ఆపడం నా నియమం. 45 డిగ్రీలు దాటిన రోజులు చూసిన ఊరు ఇది. అలాంటి మధ్యాహ్నం బెంజి సర్కిల్ కింద సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడితే 105 చేరడానికి ఎంతోసేపు పట్టదు. మే నెలలో పదకొండు నుంచి ఐదు దాకా ఈ కారును బయటికి తీయకపోవడం కూడా సంరక్షణలో భాగమే.

అల్యూమినియం కోరు మందంగా ఉన్న రేడియేటరు, ఫ్యాన్లను కాస్త ముందుగానే తిరిగేలా చేయడం, ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకు పగుళ్లు చూసుకుని మార్చడం, ఇవన్నీ రెండో మెట్టు. రేడియేటరుకు గాలి పక్కనుంచి తప్పించుకుపోకుండా చుట్టూ ఫోము పట్టీలు అతికించడం ఆటోనగర్‌లో కొద్దిసేపటి పని, దాని ఫలితం మాత్రం కొత్త రేడియేటరుతో పోటీపడుతుంది. కూలెంటులో బోరు నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు. మన వైపు బోరు నీటిలో ఉండే ఉప్పులు సన్నని దారుల్లో గట్టిపడి కూర్చుంటాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే కలపాలి. ఇక్కడ నీరు గడ్డకట్టే భయం లేదు కాబట్టి కూలెంటు పాలు సగానికన్నా తక్కువ ఉన్నా చాలు. వేడిని మోసేది ఎక్కువగా నీరే, తుప్పును ఆపేది కూలెంటు.

చాలామంది మరిచిపోయే భాగం ఆయిల్ కూలర్లు. రోటర్ల లోపలి భాగాన్ని చల్లబరిచేది నీళ్లు కావు, షాఫ్ట్‌లోని జెట్ల నుంచి చిమ్మే ఆయిల్. అందువల్ల ఇంజిను వేడిలో గణనీయమైన వంతు ఆయిల్ ద్వారానే బయటికి పోవాలి. నా కారులో ముందు బంపరు వెనుక ఒక్కో పక్క ఒక్కో ఆయిల్ కూలర్ ఉంటుంది. నేలకు దగ్గరగా ఉండడం వల్ల దుమ్ము, బురద, పురుగులు వాటి రెక్కల మధ్య చేరి గట్టిపడతాయి. ఏడాదికోసారి, వేసవి మొదలుకాక ముందు, బంపరు విప్పి మెల్లటి నీటి ధారతో వెనుక నుంచి ముందుకు కడిగిస్తాను. సర్వీసింగ్ షాపులో లారీలకు కొట్టే ప్రెషర్ గన్‌తో కడిగితే రెక్కలన్నీ వంగిపోతాయి కనుక ఆ పని దగ్గరుండి చేయించుకోవాలి.

నిప్పురవ్వ విషయానికి వద్దాం. మండే గది పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి ఒక ప్లగ్గు మంట చివరి దాకా పాకదు. ప్రతి రోటర్‌కూ కింద ఒక లీడింగ్, పైన ఒక ట్రెయిలింగ్ ప్లగ్గు ఉంటాయి. 1991లో లె మాన్ పందెం గెలిచిన మజ్దా 787బి కారు నాలుగు రోటర్ల ఇంజినుకైతే రోటర్‌కు మూడేసి ప్లగ్గులు. నా కారుకు లీడింగ్ ప్లగ్గు ఎన్‌జీకే ఆర్‌ఈ7సీ-ఎల్, ట్రెయిలింగ్ ప్లగ్గు ఆర్‌ఈ9బీ-టీ. చూడడానికి కొంచెం అటూఇటుగా ఒకేలా ఉంటాయి గానీ వేడిని తట్టుకునే తీరు వేరు, స్థానాలు మార్చి బిగించకూడదు. ప్లగ్గులకన్నా పెద్ద బలహీనత కాయిల్స్. నాలుగూ ఇంజినుకు అతి దగ్గరగా వేడిలో కూర్చుని ఉంటాయి, వయసుతో పాటు రవ్వ బలం తగ్గిపోతుంది. అక్కడి నుంచి నష్టం గొలుసులా సాగుతుంది: రవ్వ తగ్గితే పెట్రోలు పూర్తిగా మండదు, మండని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరులో మండుతుంది, దాని లోపలి తేనెపట్టు కరిగి దారి మూసుకుపోతుంది, బయటికి పోలేని వేడి పొగ వెనక్కి తన్ని సీళ్లను కాల్చేస్తుంది. చివరికి ఇంజిను పోయిందని అందరూ అంటారు, పోగొట్టింది మాత్రం ఒక కాయిల్.

అందుకే నేను పాత కాయిల్స్ స్థానంలో జనరల్ మోటర్స్ వారి ఎల్‌ఎస్ ఇంజిన్లకు వాడే పెద్ద కాయిల్స్ పెట్టించాను. రోటరీ కార్లు నడిపేవారిలో ఇది ప్రపంచమంతటా చాలాకాలంగా ఉన్న అలవాటే. వాటికి కావలసిన బ్రాకెట్‌ను ఆటోనగర్‌లోని రేకు పనివాళ్లు అట్ట ముక్క మీద కొలతలు గీసుకుని అల్యూమినియంలో చేసి ఇచ్చారు. వేడికి దూరంగా, ఇన్‌టేక్ పక్కన అవి ఇప్పుడు చల్లగా ఉన్నాయి. కాయిల్ నిండడానికి ఇచ్చే సమయాన్ని కొత్త కాయిల్‌కు సరిపోయేలా చూసుకోవడం, వైరింగ్‌కు సరైన ఎర్త్ ఇవ్వడం మాత్రం మరవకూడదు.

ఆరోగ్యం ఎలా తెలుస్తుంది అన్నదానికి జవాబు, గదుల్లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే కంప్రెషన్ పరీక్ష. మామూలు గేజు ఇక్కడ పనికిరాదు. మూడు గదుల్లో ఏది ఎక్కువైతే దానినే పట్టుకుని చూపిస్తుంది కాబట్టి ఒక సీలు పోయినా తెలియదు. గేజులోని చిన్న వాల్వు తీసేసి ముల్లు ఎలా గెంతుతోందో చూస్తే మూడు సమానమైన గెంతులు ఉన్నాయో లేదో కనీసం అర్థమవుతుంది. అంకెలు కావాలంటే రోటరీకోసం చేసిన పరికరమే ఉండాలి. సెల్ఫ్ మోటారు 250 ఆర్‌పీఎం వద్ద తిప్పుతుండగా 8.5 కేజీల ఒత్తిడి రావడం మజ్దా చెప్పిన ప్రమాణం, 6.9 దాని కనీస హద్దు. ఒకే రోటర్ గదుల మధ్య తేడా 1.5, రెండు రోటర్ల మధ్య తేడా 1 దాటకూడదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే అంకె దొంగగా తగ్గి కనబడుతుంది, కనుక ఆర్‌పీఎం చెప్పకుండా ఇచ్చే రిపోర్టును నేను లెక్కలోకి తీసుకోను. పాత ఆర్‌ఎక్స్-8 కొనాలనుకునేవారు ఈ పరికరం దొరకని చోట కూడా ఒక పరీక్ష చేయవచ్చు. కారును బాగా వేడెక్కేలా నడిపి, ఆపి, పది నిమిషాలయ్యాక మళ్లీ స్టార్టు చేయాలి. చల్లగా ఉన్నప్పుడు టక్కున అందుకుని, వేడిగా ఉన్నప్పుడు ఎంతసేపు తిప్పినా అందుకోని ఇంజిను సీళ్లు చివరి దశలో ఉన్నాయని అర్థం. "వేడి మీద ఉంది సార్, కాసేపు ఆగితే అదే అందుకుంటుంది" అని అమ్మేవారు నవ్వుతూ చెబితే మనం కూడా నవ్వుతూ లేచి రావాలి.

చల్లటి ఇంజినును స్టార్టు చేసి, గుమ్మంలోంచి పక్కకు జరిపి, వెంటనే ఆపేయడం ఇంకొక ప్రమాదం. పెట్రోలు గదులను తడిపేసి, సీళ్ల మీదున్న ఆయిల్‌ను కడిగేస్తుంది; తరువాత కంప్రెషన్ రాదు, స్టార్టు కాదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు తాళాలు ఇవ్వకపోవడానికి నాకున్న కారణం ఇదే, అతని మీద అనుమానం కాదు. ఆ పరిస్థితి వస్తే ఆక్సిలరేటరు నేలదాకా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. అలా తొక్కినప్పుడు పెట్రోలు ఆగిపోయి, గాలి మాత్రమే వెళ్లి గదులు ఆరతాయి.

ఇంజిను దించవలసి వస్తే ఆటోనగర్ ఎంతవరకు సాయం చేస్తుందన్న ప్రశ్నకు నా అనుభవం మిశ్రమంగా ఉంది. బోరింగ్ షాపులకు ఇక్కడ పని లేదు. హౌసింగ్ లోపలి గోడ మీద ఉన్నది క్రోమ్ పూత. దాన్ని కోసి పెద్దది చేయడానికి వీలు లేదు, ఓవర్‌సైజ్ రోటర్ అనేదే లేదు. పూత లేచిపోతే హౌసింగ్ మార్చవలసిందే. అలాగని అక్కడి నైపుణ్యం వృథా కాదు. ఫ్లైవీలును పట్టి ఉంచే నట్టు 54 మిల్లీమీటర్లది, దాన్ని 40 నుంచి 50 కేజీ-మీటర్ల టార్క్‌తో బిగించాలి. కార్ల షాపుల్లో అంత సాకెట్టు ఉండదు, లారీ హబ్బులు విప్పేవారి దగ్గర అంతకన్నా పెద్దవే ఉంటాయి. షాఫ్ట్ ముందుకూ వెనక్కూ కదిలే ఆట రెనెసిస్ కూడా చేరే 13బి కుటుంబపు ఇంజిన్లలో 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. డయల్ గేజు పెట్టి ఆ కొలత చూడడం, సరిపోయే స్పేసర్ ఎంచుకోవడం లేతు పనివాళ్లకు కొట్టిన పిండి. సీళ్లను గాడుల్లో జారకుండా నిలబెట్టడానికి వ్యాజ్‌లైన్ పూస్తారని చెప్పినప్పుడు మా మేస్త్రి గారు, "ఇంత పెద్ద విద్యకూ ఆఖరికి వ్యాజ్‌లైనేనా!" అని పెద్దగా నవ్వారు. పేర్చేటప్పుడు మాత్రం ఆయన చేయి ఎక్కడా తొణకలేదు.

శక్తి కోసం చేసే మార్పుల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ ఇంజినులో ఆ దారి ఇరుకు. గాలి వడపోత, సైలెన్సరు, ఇంజిను కంప్యూటరు (ఈసీయూ)లో రాసి ఉన్న మ్యాపు మార్చినా టర్బో లేని రెనెసిస్ నుంచి వచ్చే లాభం కొద్దిపాటిదే. 10:1 కంప్రెషన్ ఉన్న ఇంజినుకు టర్బో తగిలిస్తే పెట్రోలు ఒక్కసారి ముందుగా పేలినా ఎపెక్స్ సీలు విరుగుతుంది. ఆ ముక్క గోడను గీసుకుంటూ బయటికి పోతుంది. ఆర్‌ఎక్స్-7 చివరి తరంలో కంపెనీయే జంట టర్బోలు పెట్టిందని కొందరు వాదిస్తారు గానీ, దానికి కంప్రెషన్ తక్కువ. అయినా సైలెన్సరు ఒకటి మార్చగానే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, అంటే బూస్టు, అదుపు తప్పి ఇంజిన్లు పోగొట్టుకున్నవారి కథలు ఆ కారు చుట్టూ కొల్లలు. టైర్లు 225/45 ఆర్18 సైజులో మంచివి, బ్రేకు ప్యాడ్లు, బుష్‌లు, కొత్త షాక్ అబ్జార్బర్లు, ఇవి చాలు. బరువు ముందూ వెనకా సగం సగంగా పంచిన కారు ఇది. దాని ఆనందం మలుపులో ఉంది. స్ప్రింగులు కోసి కిందికి దించే ఆలోచన మన స్పీడు బ్రేకర్లను చూసి ఎవరికీ రాకూడదు.

చట్టం కూడా ఇదే మాట అంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన మౌలిక వివరాలను మార్చడానికి వీలు లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. పిస్టన్ ఇంజిను పెట్టేసి బాధ వదిలించుకోమని సలహా ఇచ్చేవారికి నా మొదటి జవాబు ఆర్‌సీ, రెండోది ఆ ఇంజిను తీసేస్తే ఈ కారును ఉంచుకోవడానికి నాకు కారణమే మిగలదన్నది. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దిగుమతి కార్లకు ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 40,000 రూపాయలకు పెంచారు. ఆ తనిఖీకి పొగ పరీక్ష పాసవ్వాలి కాబట్టి క్యాటలిటిక్ కన్వర్టరును తీసి ఖాళీ గొట్టం పెట్టడం నా దృష్టిలో మార్పు కాదు, తలనొప్పి. ఎక్కువ ప్రవాహం ఉన్న కన్వర్టరు పెట్టుకుంటే వేడీ తగ్గుతుంది, పరీక్షా గట్టెక్కుతుంది.

ఇప్పుడు నా బల్ల మీదున్న పని ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరగడం ఈ ఇంజినుకు మంచిదే. కానీ 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు సరిపోయే చోట ఈ20కి గాలి 13.5 పాళ్ల దగ్గరే ఉండాలి, అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. ఈసీయూ పెట్రోలును ఎంత సర్దుతోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకె ఓబీడీలో పెరగడం నాకు స్పష్టంగా కనబడుతోంది. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సరు చూసుకుని ఈసీయూ సర్దుకుంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం అది ముందుగా రాసి ఉన్న మ్యాపునే ఎక్కువగా నమ్ముకుంటుంది కనుక మంట పలచబడి వేడి పెరిగే ప్రమాదం ఉంది. అందువల్ల పూర్తి లోడు దగ్గర పెట్రోలు పాలు కొంచెం పెంచేలా మ్యాపు దిద్దించబోతున్నాను. ఇరవై ఏళ్ల నాటి రబ్బరు పెట్రోలు గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చడానికి సామాను తెప్పించాను. గొట్టాలు బిగించేదాకా ట్యాంకులో కొద్దిగానే పెట్రోలు ఉంచి, కారును వారాల తరబడి కదలకుండా నిలబెట్టకుండా చూసుకుంటున్నాను.